ఉర్దూ బోర్డుల మీద పడ్డ నింద

మేం గౌన్లు వేసుకునే రోజుల్లో నాంపల్లి నుంచి ఆబిడ్స్‌లోని బడికి నడిచే వెళ్ళేవాళ్ళం... నేను, మా రమక్క, మధ్యలో నాన్న. దారి పొడుగునా నాన్నది ఒకటే మాట. "బోర్డుల దిక్కు చూడకు బిడ్డా, కిందికి చూసి నడువు."

ఆ మాట అక్కకే. ఐదో తరగతికొచ్చినా 'తల' రాయమంటే 'లత' అని రాసేది. తన పేరు 'రమ'ని 'మర' అని రాసేది. టీచరమ్మ నాన్నని పిలిపించి తేల్చేసింది. "నాంపల్లిల ఉంటరు గదా, ఉర్దూ బోర్డులు చూసి చూసి పిల్లకు ఉల్టా రాసుడు అలవాటైంది."

నాన్న నమ్మాడు. అందరం నమ్మాం. కుడి నుంచి ఎడమకి రాసే భాష కాబట్టి నేరం దాని మీద తోసేశాం. ఇంతా చేసి అక్కకి ఉర్దూలో ఒక్క అక్షరం రాదు.

మర అంటే స్క్రూ కదా... "మా అక్కకి మర వదులు" అని బడంతా చాటింది మాత్రం నేనే. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సాయంత్రం తన పాఠాలు నేను పైకి చదువుతుంటే, అక్క చాటలో బియ్యం ఏరుతూ విని పాఠం మొత్తం అప్పజెప్పేది. పరీక్షలో మాత్రం సున్నా. బద్ధకం అన్నారు అందరూ, అమ్మతో సహా. ఏడో తరగతి తప్పగానే బడి మాన్పించి కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టారు. అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు...

పోయిన నెల మా పాప బడి నుంచి పిలుపొస్తే అక్కని తోడు తీసుకెళ్ళాను. అక్కడి మేడం పాప నోట్సు మా ముందు పెట్టింది. "పిల్ల తెలివైనదేనమ్మా. పరీక్ష చేసి చూసినం, చదువుడు, రాసుడులనే ఇబ్బంది. డిస్‌లెక్సియా అంటరు. వేరే తీరుగ నేర్పిస్తం, పరీక్షల టైం ఎక్కువిస్తం. మీ ఇంట్ల ఇంకెవరికన్నా గిట్లనే ఉండెనా?"

నోట్సులో ఉన్నది అచ్చం అక్క రాత. ఇన్నేళ్ళూ పక్కనే ఉన్న మనిషి, నాకు తట్టనే లేదు...

అక్క ఆ పేజీని చాలాసేపు చూసి, మెల్లగా అడిగింది. "నాకు నలభై నాలుగు మేడం... గీ పరీక్ష నాకు గూడ చేస్తరా? బద్ధకం కాదని ఒక కాయితం మీద రాసియ్యున్రి. అమ్మకు చూపిస్త."

మా పాపకి ఆ కాయితం ఎనిమిదేళ్ళకే దొరుకుతోంది. మీ తరగతిలో మొద్దు అని మనం ముద్ర వేసినవాళ్ళు ఎవరైనా గుర్తున్నారా... వాళ్ళకి ఏది బాగా వచ్చేదో ఇక్కడ రాయండి. అప్పుడు మనం ఎవరం అడగలేదు.