అర్డిస్ కుక్కర్

చర్చి విందులకు అర్డిస్ తెచ్చే సాసేజ్ పాస్తా ఆవిడ వండింది కాదనీ, పక్క ఊరి హైవే హోటల్లో కొనుక్కొచ్చి తన కరెంటు ప్రెషర్ కుక్కర్లో పోసి తెస్తుందనీ మా అయోవా ఊళ్లో చర్చి ఆడవాళ్లంతా చెప్పుకున్నారు. ఆ కుక్కర్ బుసకొట్టగా విన్నవాళ్లు లేరన్నదే వాళ్ల సాక్ష్యం. అందుకని ఈసారి విందుకు అందరి ముందూ వండి చూపించాలనీ, లేకపోతే ఆవిడ వంటకం ఇక బల్లెక్కదనీ బెవర్లీ తేల్చేసింది. విందుల పెత్తనమంతా బెవర్లీదే.

అర్డిస్ చర్చి హాల్లో కుక్కర్ పెట్టింది. సాసేజ్ ముక్కలు అందులోనే వేయించి, నీళ్లు పోసి, పాస్తా వేసి మూత బిగించింది.

"మీగడ మరిచిపోయావమ్మా. కొనుక్కొచ్చేవాళ్లకి ఇవన్నీ ఎలా తెలుస్తాయిలే," అంది బెవర్లీ.

"ముందే పోస్తే విరిగిపోతుందే తల్లీ. పోయినేడు నీ గిన్నె ఎవరూ ముట్టుకోలేదు, గుర్తులేదూ?"

పక్కనున్నవాళ్లు నవ్వు దాచుకోవడానికి కాగితం పళ్లేలు సర్దడం మొదలుపెట్టారు. ఆవిరంతా బుస్సుమని పోయాక అర్డిస్ మూత తీసి మీగడా చీజూ కలిపింది. బెవర్లీ రెండుసార్లు వడ్డించుకుంది.

"అచ్చం ఆ హోటల్ రుచే. కొనకపోతేనేం, వాళ్ల దగ్గర కొట్టేసింది," అంది మూతి తుడుచుకుంటూ.

వీళ్లంతా ప్రతి శనివారం ఆ హోటల్లో తింటారు గానీ, వంటగది వైపు ఒక్కరూ తొంగిచూడరు. నేను అక్కడ గిన్నెలు కడుగుతాను. నన్నెవరూ అడగలేదు. అక్కడ పాస్తా వండేది అర్డిస్.