గట్టు మీద లేని సంచులు

కౌలు చేజారి పోతూ పోతూ వదిన ఆ పొలంలో ఏదో పాతిపెట్టిందని ఊరంతా అంటుంది. లేకపోతే ఆమె మరిది వేసిన వరి అంత ఏపుగా పెరిగి, గింజ పాలుపోసుకునే వేళ ఒక్క గాలికే చాప పరిచినట్టు ఎలా పడిపోతుంది?

మొగుడు పోయినప్పటి నుంచి ఆ చేను చేసింది ఆమే. వరికి ముందు పెసర వేసేది. కాయ ఏరుకుని, పచ్చి తీగను నేలలోనే కలియదున్నించేది. దాని బలం ఉంటుంది కనుక వరికి యూరియా సగమే చల్లేది. ఆ సగమే ఆమె కొంప ముంచింది. పొలం ఆసామి చెప్పులకు బురద అంటనివ్వని మనిషి. గట్టు మీద ఖాళీ సంచులు ఎన్ని పడున్నాయో చూసి కౌలుదారు మంచిచెడ్డలు తేల్చేస్తాడు.

"నా నేలను పిండుకు తాగుతున్నావమ్మా," అన్నాడు, ఆమె తీగ దున్నించిన మర్నాడే. "ఈసారి నీ మరిదికి ఇచ్చేశాను."

"అందులో పెసర వేశానండీ..."

"పెసలు తిన్నది నువ్వు. నేలకేం పెట్టావు?"

ఆ చేను తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

నాట్లయ్యాక కూడా కాళ్లు అటే లాగేవి. ఒకరోజు మరిది ఇంకో విడత చల్లడానికి బస్తా మూతి విప్పుతున్నాడు.

"ఇక చాలు అబ్బాయ్. ఆకు నలుపు తిరిగింది చూడు. దంటు మెత్తబడిపోతుంది."

"మెత్తబడేది దంటా, మండేది నీ కడుపా వదినా?" అని నవ్వాడు. "నువ్వు చూశావుగా, దిష్టికి ఇంకో బస్తా వేస్తాలే!"

కూలీలు పగలబడి నవ్వారు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని వెనుదిరిగింది.

పెసర బలం మీద బస్తాల బలం పడింది. చేను పడుకుంది. నింద మాత్రం ఆమె మీద నిలబడింది. ఆ తరవాత ఆమెకు జానెడు నేల కౌలుకిచ్చినవాడు లేడు. ఇప్పుడు ఇటుక బట్టీలో మట్టి తొక్కుతోంది, ఏమీ మొలవని మట్టి.

పాతిపెట్టిన మాట నిజమే. ఆ ఏడు మేత కరువై ఆమె మేకలు రెండూ డొక్కలు ఎండిపోయి ఉన్నాయి. పెసర తీగ వాటికి తీసుకుపోదామని మోపు కట్టుకుంది. మళ్లీ విప్పి, చేలోనే పరిచి దున్నించింది.