పరంజా మీద మనిషి పేరు

జమీందారీలు రద్దయి ఎస్టేటు పోయింది. దాంతోపాటు మా మామగారి గుమాస్తా ఉద్యోగమూ, ఎస్టేటు వాళ్లిచ్చిన ఇల్లూ పోయాయి. ఆ వేసవిలోనే ఆయన రాయగడలో సొంతిల్లు మొదలుపెట్టారు. నేను అప్పుడు కొత్త కోడల్ని. పక్కనే అద్దెకుండేవాళ్లం కాబట్టి, పెరటి గుమ్మంలో చేట ఒళ్లో పెట్టుకుని పప్పు ఏరుతూ ఆ పని చూడటమే నాకు కాలక్షేపం.

పరంజా మీద తాపీమేస్త్రీ, మరో ఇద్దరు మనుషులు ఉండేవారు. ఆ ఇద్దరూ గుణుపురం వైపు రైతులు. వానలు మొహం చాటేసిన ఏడు కాబట్టి కూలికొచ్చారు. వాళ్లలో ఒకతని భార్య కింద సున్నం కలిపి తట్టలు అందించేది. నా ఈడు పిల్లే. నోరారా మాట్లాడేది, అందుకే నాకు నచ్చింది.

ఒకనాడు ఆటపట్టించాలనిపించి, "నీ మొగుడి పేరేటమ్మీ?" అని అడిగాను.

"అమ్మో, సెప్పకూడదమ్మగోరూ! ఆయుస్సు తగ్గిపోద్ది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరెలా పిలుస్తావు?"

"ఓయ్ అంతాను. తెల్సుకుంతాడు."

నవ్వాను. నేను మాత్రం మా ఆయన్ని ఏనాడైనా పేరుతో పిలిచానా ఏమిటి!

వెదురు పరంజాకు కట్టింది అడ్డనార, అడవితీగ నుంచి తీసిన తాడు. ఎండకు అది వడిలిపోతే ముడి పట్టు తప్పుతుంది. మేస్త్రీ మా మామగారికి ఆ మాట చెప్పనే చెప్పాడు. "బాబుగోరూ, ఏసంగి ఎండ. రోజూ ముళ్లు తడపాల."

నుయ్యి అడుగంటింది. "గోడలు తడపడానికే నీళ్లు చాలక ఛస్తుంటే, కర్రలకు తలంటు కూడానా?" అన్నారు మామగారు. అందరం నవ్వాం. మేస్త్రీ కూడా నవ్వాడు. పని ఇచ్చినాయన హాస్యమాడితే నవ్వక ఏం చేస్తాడు? నాకేం వచ్చింది నవ్వడానికి? అది గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం.

మూడోనాడు మధ్యాహ్నం ఆ పిల్ల మొగుడు సున్నం తట్ట నెత్తిన పెట్టుకుని పరంజా మీద తూర్పు కొసకు నడుస్తున్నాడు. ఆ కొసన ముడి ఊడి, అడ్డకర్ర మెల్లగా జారుతోంది. కింద నుంచి ఆ పిల్ల చూసింది. గుమ్మంలోంచి నేనూ చూశాను.

"ఓయ్! ఓయ్!" అని అరిచింది.

మేస్త్రీ తిరిగి చూశాడు. రెండో మనిషీ చూశాడు. ఇటుకలకూ నీళ్లకూ పొద్దస్తమానం ఎవరో ఒకరు ఓయ్ అంటూనే ఉంటారక్కడ. పైగా పక్కన కంకర కొడుతున్న చప్పుడు. తనను కాదనుకున్నాడు కాబోలు, అతను ఆగలేదు.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "అమ్మగోరూ, పిలవండి! మీరు పిలవండి!"

నోరు తెరిచాను. ఏమని పిలవను? రెండు నెలలుగా మా ఇల్లు కడుతున్న మనిషి. మంచినీళ్లిచ్చాం, పండక్కి పాత పంచె ఇచ్చాం. ఇంటిల్లిపాదిమీ "ఒరేయ్" అన్నామే తప్ప పేరు అడిగిన పాపాన పోలేదు. ఆ పిల్లను నేను అడిగిందైనా వేళాకోళానికే. ఆమె చెప్పనంటే మేస్త్రీని అడగొచ్చు కదా, నాకు తోచనే లేదు.

అడ్డకర్ర జారిపోయింది. అతను ఇటుకల కుప్ప మీద పడ్డాడు. తట్ట ఇంకా దొర్లుతూనే ఉంది, మేస్త్రీ గెడకర్ర పట్టుకుని కిందికి జారి వచ్చాడు. అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తల వంచుకుని పక్కకు జరిగాడు.

ఆ పిల్ల వెళ్లి అతని తల ఒళ్లోకి తీసుకుంది. చెంపల మీది సున్నం కొంగుతో తుడిచింది. అప్పుడు పేరు పెట్టి పిలిచింది. భుజం పట్టి కుదుపుతూ, మొదట మెల్లగా, తర్వాత ఊరంతా వినపడేలా, పిలుస్తూనే ఉంది.