సారు వేలికి తగిలిన చార్మినార్

మా డ్రాయింగు సారు పోయారని పొద్దున వనపర్తి నుంచి ఫోన్ వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో బస్సెక్కానన్న మాటే గానీ దారి పొడుగునా ఒకటే గుబులు. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె ఆ చార్మినార్ స్టాంపు సంగతి అడిగితే ఏం చెప్పాలి?

సారు మాకు బొమ్మలు నేర్పింది తపాలా బిళ్లలతోనే. చేతులు కడిగి తుడుచుకున్నాకే ఆల్బం తెరవనిచ్చేవారు. మరీ దగ్గరగా వంగితే ఊపిరి తగిలి బిళ్ల పాడవుతుందని కసురుకునేవారు. నిజాం కాలపు చార్మినార్ బిళ్లను భూతద్దం కింద పెట్టి, "ఒక్కటే రంగు. చెక్కినోడు నీడ గూడ గీతలతోనే తెచ్చిండు. గింత జాగల గంత కట్టడం ఎట్ల పట్టిచ్చిండో చూడుండ్రి" అనేవారు. ఇవాళ సైన్‌బోర్డులు రాసుకుని బతుకుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

మీలో ఎవరైనా పాత స్టాంపును వేలితో తడిమి చూశారా? ఆ చార్మినార్ మీద సిరా ఉబ్బెత్తుగా నిలిచి, గీతలు సన్నగా తగిలేవి. తర్వాత పిట్టల, పూల బిళ్లలు రంగురంగుల్లో వచ్చాయి. సారుకు అవీ ఇష్టమే, కానీ ముట్టుకుంటే నున్నగా ఉంటాయని చిన్నబోయేవారు.

షుగరుతో చూపు పోయాక ఆయనకు ఆ గీతలే మిగిలాయి. రోజూ ఆ బిళ్లను బొటనవేలితో చూసుకునేవారు. అదెక్కడ నలిగిపోతుందోనని అమ్మ పరేషాన్. ఒకరోజు జిరాక్సు షాపుకు పోయి, పదో తరగతి మెమోకు చేయించినట్టు దానికి లామినేషన్ చేయించుకొచ్చింది. నేనక్కడే ఉన్నాను. సారు వేలు ప్లాస్టిక్ మీద అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది. "మంచిపని చేసినవ్" అన్నారు అమ్మతో. ఆమె చాయ్ పెట్టడానికి లేవగానే నా చెయ్యి పట్టుకున్నారు. "గీతలు తగుల్తలేవని ఆమెకు తెల్వనియ్యకు. ఏడుస్తది."

ఇవాళ నేను వెళ్లేసరికి అమ్మ గోడకు చేరగిలబడి ఉంది. కాసేపయ్యాక దిండు కింద నుంచి ఆ బిళ్ల తీసి నా చేతిలో పెట్టింది. చార్మినార్ ఉన్నచోట ప్లాస్టిక్ గోటి గీరలతో తెల్లగా మసకబారింది.

"ఎప్పుడు చూసినా గోరుతోని గీకుతుండె. ఎందుకని అడిగితే చెప్పకపోయె. నీకేమన్న చెప్పిండా?"

"గా బొమ్మంటె పాణం గదమ్మా" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. బొమ్మ నాకు సరిగ్గా కనబడలేదనుకుందేమో, బిళ్లను వెనక్కి తీసుకుని, నోటి ఆవిరి పట్టించి కొంగుతో తుడిచింది. మసక పోలేదు. మళ్లీ తుడిచింది.