ఎముకలకిచ్చిన మాత్ర మడికి అడ్డమైంది

ముప్పై తొమ్మిదో ఏట ఒక శనివారం పొద్దున, పులిహోరకు చింతపండు పులుసు ఉడికిస్తుంటే ఒళ్లంతా మండి, మడిచీర చెమటతో తడిసి ముద్దయింది. అది పొయ్యి వేడి కాదు. అప్పటికి ఐదు నెలలుగా నెలసరి లేదు. నాకు భయం వేసింది. మా అత్తగారికి మాత్రం పండగే. తిరుపతిలో మాది వైష్ణవ కుటుంబం. ఇంట్లో పెరుమాళ్లకు రోజూ మడితో వండిన తళిగే, అంటే అన్నం వంటలే, నైవేద్యం. నెలకు మూడు రోజులు నేను దూరం కూర్చుంటే ఆ వంట ఆవిడ నెత్తిన పడేది.

"పీడ వదిలిందిలే. ఇంక మడికి అడ్డం లేదు" అంది.

లేడీ డాక్టరు రెండుసార్లు రక్తపరీక్ష చేయించి, "ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను బాగా ఎక్కువ ఉండాది. ప్రీమెచ్యూర్ మెనోపాజ్, వయసుకు ముందే నెలసరి నిలిచిపోయింది" అని హెచ్‌ఆర్‌టీ అనే హార్మోన్ మాత్రలు రాసింది. "ఇవి వేడి ఆవిర్లకు మాత్రమే కాదమ్మా. ఈస్ట్రోజన్ హార్మోను లేకుంటే ఎముకలు గుల్లవుతాయి. యాభై దగ్గరికి వచ్చేదాకా ఆపొద్దు. నెలకోసారి బ్లీడింగ్ వస్తాది, భయపడొద్దు."

భయపడింది నేను కాదు, మా అత్తగారు. "దేవుడు నిలిపిన దాన్ని డాక్టరమ్మ తిరిగి తెచ్చిందా? ఆ మాత్రలు నీకేటికి?"

"ఎముకల కోసరం అత్తయ్యా."

"ఎముకలు యాడికి పోతాయే? లోపలే ఉంటాయి గదా!"

మా ఆయన సంగతీ చెప్పాలి. "అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆ మూడు దినాలు ఆమె యాడ చేస్తాది? కొన్నాళ్లు ఆపి చూడు, ఏమవతాది?" అన్నాడు. ఆయన బీపీ మాత్ర ఒక్కపూట కనపడకపోతే మాత్రం ఇల్లు పీకి పందిరి వేస్తాడు.

మూడు నెలలు వాడి ఆపేశాను. డాక్టరుకు చెప్పలేదు. మా ఇంటి మడి గురించి చెబితే నవ్వుతుందని సిగ్గు. ఆసుపత్రికి పోవడమే మానేసి, ఆరేళ్లు అత్త మెచ్చిన కోడలిగా బతికాను.

ఆ తర్వాత ఒకరోజు తడిగచ్చు మీద కాలు జారింది. చేతిలో ఉన్నది చిన్న ఇత్తడి చెంబు, అంతే. కుడి మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు ప్లేటు వేసి, "నిలబడిన ఎత్తునుంచి పడితే ఈ వయసుకు ఇట్లా విరగకూడదే" అని ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ రాశాడు. వెన్నెముకలో ఆస్టియోపోరోసిస్, ఎముక గుల్లబారింది. నలభై ఐదేళ్లకు! కట్టు చూసి మా అత్తగారు అడిగిన మొదటి మాట: "అయితే వంట ఎట్లా?" ఆ మాట చచ్చేదాకా మరవను.

మళ్లీ అదే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఎందుకు ఆపానో విని తల పట్టుకుంది. "ఆ ఒక్క మాట నాకు చెప్పింటే మార్చి ఇచ్చింటాను గదమ్మా! ఆ మాత్రల్లోని రెండు హార్మోన్లూ దినామూ కలిపి వాడే విధం ఉండాది. మొదట్లో అప్పుడప్పుడు కనిపించినా, చాలామందికి కొన్ని నెలలకు బ్లీడింగ్ నిలిచిపోతాది."

ఒక్కసారి నోరు తెరిచి ఉంటే సరిపోయేది. అత్తగారి మీద కోపం ఉంది, మా ఆయన మీద అంతకంటే ఉంది. నా మీద నాకున్నది మాత్రం ఇంకా చల్లారలేదు.

మామోగ్రామ్, రక్తపరీక్షలు అయ్యాక కొత్త పద్ధతిలో మాత్రలు మొదలుపెట్టాను. కాల్షియం, విటమిన్ డి, పొద్దున నడక తోడయ్యాయి. మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు, జడ వేసుకోవడం కష్టం. పోయినసారి స్కాన్ చూసి డాక్టరమ్మ, "ఎముక కొంచెం కోలుకునింది. పోయిందంతా రాదు" అంది.

నాలాంటి వాళ్లకు చెప్పేది ఒక్కటే. మాత్ర ఆపాలనిపిస్తే, లేదా ఇంట్లో ఆపమంటే, ఆ కారణం ఎంత సిగ్గనిపించినా ముందు డాక్టరుకు చెప్పండి. మీరుగా ఆపకండి.

నాకు బ్లీడింగ్ నిలిచి ఏడాది దాటింది. ఇంట్లో చెప్పలేదు. నెలకు మూడు రోజులు ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మా ఆయన మడిపంచె కట్టుకుని అన్నం గుండిగ దించుతాడు. అత్తగారు పక్కన నిలబడి ఉప్పు ఎంతో చెబుతుంది. ఇది చదివి వాళ్లకు తెలిస్తే తెలియనీ. ఆ మూడు రోజులూ నేను వదలను.