కింది అమ్మమ్మ తవ్వించిన గుంత

కింది అమ్మమ్మ పోయారు. ఆ కబురు నాకు ఆఫీసు బస్సులో, బోడుప్పల్ దాటుతుండగా తెలిసింది. తల్లులందరం ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పెట్టింది: "అమ్మమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయారు." నేను డ్రైవరును బతిమాలి దిగిపోయి, రోడ్డు దాటి ఆటో ఎక్కి నాచారం వెనక్కి వచ్చాను. దారంతా ఉప్పల్ ట్రాఫిక్‌ను తిట్టుకుంటూనే ఉన్నాను. ఏడుపు ఇంటి గేటు చూశాక వచ్చింది.

ఆవిడ మా ఇంటి ఓనరు. మేం పైన అద్దెకుంటాం, ఆవిడ కింద ఉండేవారు. ఉద్యోగాలకు వెళ్లే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకునేవారు. మా అమ్మాయి మాటలు నేర్చిన కొత్తలో పెట్టిన పేరు 'కింది అమ్మమ్మ'. అది వీధంతా పాకి, చివరికి కూరగాయల బండివాడు కూడా అలాగే పిలిచేవాడు. ఆవిడ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త అంతకుముందే పోయారు. "టీవీ సూసుకుంట కూసుంటే కాళ్లు పట్టేస్తయి. పిల్లలైతే ఉరికిస్తరు" అనేవారు.

మాది కాకినాడ వైపు. నేను 'దాహం' అంటే చాలు, "పుస్తకం సూసి సదువుతున్నవా ఏంది?" అని ఆటపట్టించేవారు. ఆవిడ భాషలో దాహం అంటే దూప. మా అమ్మాయి ఇప్పటికీ "దూపయితుంది" అనే అంటుంది. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు ఆ మాటకు అదిరిపడి, పిల్లకు ఏదో అయిందనుకుని దాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు.

అన్నాల వేళ పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి, "కండ్లు మూసుకోండ్రి, ఎవల దేవునికి వాళ్లు జెప్పుకోండ్రి" అనేవారు. ఆవిడ మాత్రం యేసయ్యకు చెప్పుకునేవారు. మా అమ్మాయి ఒక కన్ను తెరిచి పప్పులో నెయ్యి వేశారో లేదో చూసేది. అది చూసి కూడా ఏమీ అనేవారు కాదు.

ఇక ఫ్రిజ్ సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. మా వీధిలో అదేం వింత కాదు. ప్రతి ఇంట్లో ఫ్రిజ్ ముందు ఓ చెక్కపీటో పాత రబ్బరు చాపో ఉండేది. చెప్పులేసుకుని వాషింగ్ మెషిన్ ముట్టుకోవడం, గీజరు ఆపాకే బకెట్టులో చెయ్యి పెట్టడం ఇక్కడ ఇంటి మర్యాదలు. కొత్తగా వచ్చిన కోడలికి ముందు అవే చెప్పేవారు. కింది అమ్మమ్మ కూడా "మా ఫ్రిజ్‌కు జర కోపమెక్కువ" అని నవ్వేసి, పిల్లలు అటు పోకుండా బల్ల అడ్డం పెట్టారు. పిల్లాడు తుమ్మితే గొంతులో లైటు వేసి చూసే మనిషి, ఫ్రిజ్ దగ్గరికొచ్చేసరికి మా అందరిలాగే.

కొన్నేళ్ల కిందట, పిల్లల్ని ఉంచుకునే ఇంటికి ఎలక్ట్రికల్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలని అధికారులు అన్నారు. లైసెన్సున్న కాంట్రాక్టరు ఇంటి వైరింగంతా పరీక్షించి రిపోర్టు ఇవ్వాలి, దాన్నిబట్టి ఆఫీసులో సర్టిఫికెట్ ఇస్తారు. లేకపోతే పిల్లల్ని ఉంచుకోవడానికి వీల్లేదు. కింది వాటా మూతపడితే నా ఉద్యోగమూ మూతపడినట్టే. ఆవిడ మాత్రం పెళ్లిచూపులవాళ్లు వస్తున్నట్టు ఇల్లంతా సర్ది, స్విచ్చుబోర్డులన్నీ తుడిచి మెరిపించారు.

ఉప్పల్ నుంచి వచ్చిన కాంట్రాక్టరు ఆ మెరుపు చూడలేదు. ప్లగ్గు ప్లగ్గుకూ మీటరు పెట్టి చూసి, "ఎర్త్ లేదమ్మ" అన్నాడు. కరెంటు దారి తప్పి ఫ్రిజ్ మీదికో గీజరు మీదికో వస్తే, దాన్ని మనిషిలోంచి పోనివ్వకుండా నేలలోకి పంపే తీగ అది. ఇంటి ముందు గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, అందులోకి దింపుతారు. "గుంత ఏడుంది?" అని అడిగాడు. ఆవిడ వాకిలి చూపించారు. వాకిలి నిండా పూల టైల్సు.

మా వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తారు. రోడ్డు లేస్తుంది, ఇళ్లు పల్లమవుతాయి, వానొస్తే నీళ్లు హాల్లోకొస్తాయి. అందుకని ఇంటింటా మట్టి పోసి వాకిలి ఎత్తు చేసి టైల్సు పరిపించుకున్నారు. గుంతలన్నీ వాటి కిందికి పోయాయి. ఎవరికీ గుర్తు కూడా లేదు.

ఆవిడ మెట్ల మీద కూలబడ్డారు. "టైల్సు ఏసినప్పుడు మేస్త్రీ అడిగిండు. 'అమ్మా, గోడ పొంటి గీ తీగ ఏంది?' అని. అడ్డమొస్తే తీసెయ్ అన్న. నేనే అన్న."

కాంట్రాక్టరుకు జాలేసింది. "గాబర గాకమ్మ. వీధి మొత్తం గిట్లనే ఉంది. రిపోర్టు మంచిగుందనే రాసిస్త. గుంత నిమ్మళంగ తవ్వుకుందాం. తల్లులకైతే జెప్పకు, బెదిరి పిల్లలను తీస్కపోతరు."

అతను చెడ్డవాడు కాదు. ఆ మాటకు ఎవరైనా సరేననేవారు. ఆవిడ లేచి నిలబడి, "ముందుగాల గుంత, తర్వాత కాయితం. తల్లులకు నేనే జెప్త" అన్నారు.

ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి తల్లికీ చెప్పారు. "మీ పిల్లలను ఇన్నొద్దులు ఎర్త్ లేని ఇంట్ల పెట్టుకున్న. తీగ తీసెయ్యమన్నది నేనే. ఎవ్వలికేం గాలేదంటే అది దేవుని దయ, నా తెలివి గాదు." కొందరు సర్దిచెప్పారు, కొందరు ముఖాలు చూసుకున్నారు. నాచారంలోనే కుట్టు కంపెనీలో పనిచేసే ఒకావిడ మాత్రం కొడుకును ఎత్తుకుని, "మా అమ్మ ఇంట్ల ఇడిసిపెట్టినట్టే ఇడిసిన ఆంటీ. ఇంకేం జెప్పాలె?" అంది. కింది అమ్మమ్మ లోపలికి వెళ్లి పిల్లాడి సంచీ, నీళ్ల సీసా తెచ్చిచ్చారు. వాడి టోపీ మరిచిపోతే మళ్లీ వెళ్లి తెచ్చి, తనే తలకు పెట్టారు. వాడు మళ్లీ రాలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ ముక్క చెప్పకపోతే ఏం పోయేదాంటీ?" అన్నాను.

"ఆమె మంచి తల్లి. నేనైనా గట్లనే జేస్తుంటి" అన్నారు. గేటు గడియ పెట్టి, "పిల్లలను ఇంట్ల పెట్టుకున్నోళ్లు గుట్టు పెట్టుకోవద్దు బిడ్డా" అన్నారు. అన్నాక కళ్లు తుడుచుకున్నారు. వాడంటే ఆవిడకు ప్రాణం.

మర్నాడే టైల్సు పగిలాయి. పనయ్యేదాకా పిల్లల్ని వీధి చివర చర్చి హాల్లో ఉంచారు, అదీ ఆ హాలుకు ఎర్త్ ఉందో లేదో కాంట్రాక్టరుతో చూపించాకే. గుంతలో పైపు దింపి, ఉప్పూ బొగ్గూ నింపి, కొత్త తీగ లాగారు. మా పై వాటాకు కూడా. సర్టిఫికెట్ వచ్చిన రోజు ఆవిడ దాన్ని బీరువాలో పెట్టేసి, పిల్లలందర్నీ ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కొక్కరి చేత తలుపు తెరిపించారు. బల్లను తీసుకెళ్లి వంటింట్లో వేసుకున్నారు.

ఎండాకాలం వస్తే గుంత ఎండిపోకూడదట, తడి లేకపోతే కరెంటు నేలలోకి దిగదట. సాయంత్రం పిల్లల చేతికి చిన్న చిన్న చెంబులిచ్చి, "భూమికి దూపయితుంది, పోయండ్రి" అనేవారు. గుంతలో పడేదానికంటే వాళ్ల మీదే ఎక్కువ పడేది. తడిసిన బట్టలతో పైకొచ్చే మా అమ్మాయిని చూసి నేను విసుక్కునేదాన్ని. ఆ చెంబులు చూసే వీధిలో ఒక్కొక్కరే వచ్చి గుంత సంగతి అడిగారు. ఒక్కో వాకిట్లో టైల్సు పగలడం మొదలైంది. "నా తప్పు సూసన్న తెలుసుకోండ్రి" అని నవ్వేవారు ఆవిడ.

అప్పట్నుంచి ఆవిడకు ఒక మాట ఊతపదమైపోయింది. నేను మా మేనేజరు మీదో మా అత్తగారి మీదో చాడీలు చెబితే అంతా విని, "అడ్డమొస్తుందని దేన్నీ తియ్యొద్దు బిడ్డా. అదేందో ముందు అడగాలె" అనేవారు. అత్తగారి విషయంలో ఆ మాట నాకు బాగానే పనికొచ్చింది. మేనేజరు విషయంలో ఇంకా తేలలేదు.

ఆ పొద్దున ఆటో దిగి నేను వెళ్లేసరికి, ఆవిడను పడుకోబెట్టడానికి హాల్లో ఫ్రీజర్ పెట్టె దింపుతున్నారు. ఎండ అప్పటికే మండుతోంది. పెట్టె తెచ్చినతను వైరు లాగి ప్లగ్గు పెట్టి, టెస్టరు ఆనించి చూసి, తర్వాత ఉత్త చేత్తో తడిమాడు. "మంచిగుందమ్మ. శాన ఇండ్లల్ల పెట్టె ముట్టుకుంటే జివ్వుమంటది. ఏడ్సెటోళ్లను దగ్గరికి రానియ్యకుండ మేమే ఆపుతుంటం. గీడ ఎవ్వలైన ముట్టుకోవచ్చు" అన్నాడు. అతనికి ఏమీ తెలియదు. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను.

పిల్లలు వచ్చారు. ఇప్పుడు బడికి పోతున్నవాళ్లు, గొంతులు మారుతున్నవాళ్లు కూడా వచ్చారు. పెట్టె చుట్టూ చేరి, చేతులు ఆనించి నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టాక, కుట్టు కంపెనీ ఆవిడ కొడుకుతో లోపలికి వచ్చింది. వాడు ఆమె భుజం దాటి ఎదిగాడు. పెట్టెకు కొంచెం దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని ఆగి, తల్లి వైపు చూశాడు.

"ముట్టుకో బిడ్డా, ఏం గాదు" అంది ఆమె.

వాడు పెట్టె అద్దం మీద అరచెయ్యి పెట్టి, ప్రార్థన అయ్యేదాకా తియ్యలేదు. తీశాక, మంచు పట్టిన అద్దంలో ఆ చెయ్యి మేరకు తేటపడింది. అందులోంచి కింది అమ్మమ్మ చెంప కనిపించింది.