బల్లలో చెయ్యి

నాన్న పోయాక అమ్మ నరసన్నపేట నుంచి చీపురుపల్లికి, నా దగ్గరికి వచ్చేసింది. సంఘం కూడా మారాలి కదా. పాత చర్చి సభ్యుల్లోంచి పేరు తీసి మా చర్చిలో కలపాలి. ఆ పనికి రెండు చర్చిలవాళ్లూ కలిసి ఎవరిచేతో ప్రోగ్రామ్ రాయించుకున్నారు. మీట నొక్కితే అయిపోతుందన్నారు, నొక్కారు.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, యేసు కడరాత్రి విందును తలుచుకుని రొట్టె పంచే ఆరాధన. రొట్టె తీసుకునేది, అంటే బల్లలో చెయ్యి వేసేది, సభ్యులే. అమ్మ ఆ పూట మాత్రం ఏదో వంకతో చర్చి మానేసేది. ఓసారి తలనొప్పి, ఓసారి మోకాళ్లు. నేనూ నమ్మాను. చివరికి మా సంఘపెద్దే నన్ను పక్కకు పిలిచి నసిగాడు.

"మీ అమ్మగారి పేరు అక్కడా నేదు, ఇక్కడా నేదమ్మా. ఆవిడికి మొదట్లోనే మెల్లగా సెప్పినాను."

నాకు ఒళ్లు మండిపోయింది. జావాలో ప్రోగ్రాములు రాసి బతికేదాన్ని, ఆ కోడ్ తెప్పించుకుని చూశాను. ఖర్మ! పాత చర్చిలోంచి తీయడం, కొత్తదాంట్లో చేర్చడం, రెండూ కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌గా కట్టాలి. రెండోది తప్పితే మొదటిదీ రద్దై పేరు ఉన్నచోటే ఉండాలి. దాన్నే రోల్‌బ్యాక్ అంటాం. ఇందులో ఆ ఊసే లేదు. అమ్మకి ఫోనెక్కడిది? నంబరు గడి ఖాళీగా ఉండేసరికి చేర్చేచోట ఎక్సెప్షన్, అంటే పని ఆగిపోయిందనే హెచ్చరిక, వచ్చింది. దాన్ని పట్టుకున్న కోడ్ కిక్కురుమనకుండా మింగేసి, పని పూర్తయిందని చూపించింది. రాసినవాణ్ణి నోరారా తిట్టుకుంటూ సరిచేశాను. మా చర్చిలో అమ్మ పేరు ఎక్కింది.

పరుగున ఇంటికొచ్చి చెప్పాను. చేటలో బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మిషను తప్పేటి కాదే. మీ నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్కింటావిడ తాయెత్తు తెస్తే, మన దేవుడికి అది పాపమని తెలిసీ ఆయన సెయ్యికి కట్టించినాను. ఎవులికీ సెప్పనేదు. పేరు నేదన్నప్పుడే అనుకున్నాను, దేవుడు సూసినాడని."

"అయ్యో అమ్మా, అది కోడ్‌లో తప్పే! ఆ తప్పు ఎనక్కి తిప్పీసినాను, నీ పేరు ఎక్కించినాను. అంతా ఎప్పట్లాగే ఉన్నాది."

"తాయెత్తు కట్టినాది కూడా ఎనక్కి తిప్పీసినావేటి?"

ఇన్నాళ్లూ అది శిక్షే అనుకుని ఒక్కతే మోస్తూ, నాకు వేళకి అన్నం వండిపెట్టింది.

మరుసటి బల్ల రోజు బతిమాలి తీసుకెళ్లి పక్కనే కూర్చోబెట్టుకున్నాను. సంఘపెద్ద రొట్టె పళ్లెం తెచ్చి అమ్మ ముందు వంచాడు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. చెయ్యి చాచబోయి, మళ్లీ ఒళ్లో పెట్టేసుకుంది.

"నువ్వు తీసుకోవే" అంది.